పీపా ఊపిరి

గుడివాడ దగ్గరి ఒక పల్లె నుంచి ఒక రైతు ఉత్తరం రాశారు. ఆయన కొడుకు అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడట. సంక్రాంతికి వస్తూ నాన్నకి బోర్బన్ విస్కీ సీసా ఒకటి తెచ్చాడు. "సీసా మీద మొక్కజొన్నతో చేశామని రాసుంది. వరి కోశాక మేమూ మొక్కజొన్నే వేస్తాం. దాని వాసన నాకు తెలియంది కాదు. మూత తీస్తే మాత్రం ఐస్‌క్రీం వాసన, లవంగం వాసన, కొబ్బరికోరు వాసన వచ్చాయి. బయటి నుంచి ఏ ఎసెన్సూ కలపలేదని మావాడు గట్టిగా అంటున్నాడు. ఇదెలా సాధ్యం? ఇంకో సంగతి. మనవడి పెళ్ళిదాకా దాచిపెడితే దీని రుచి ఇంకా పెరుగుతుందా?"

ఉత్తరం చదివాక ఉండబట్టలేక విజయవాడలో బస్సెక్కాను. నాకు తాగే అలవాటు లేదు. ఈ పనికి ముక్కు చాలు. మనం నాలుక మీద రుచి అనుకునేదాంట్లో ఎక్కువ భాగం వాసనే. జలుబు చేసినప్పుడు గోంగూర పచ్చడి కూడా ఉత్త పులుపుగా అనిపిస్తుందే, అందుకే.

వసారాలో కూర్చుని ఆయన నా అరచేతిలో నాలుగు చుక్కలు వేశారు. రెండు చేతులూ రుద్ది ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మొదట కళ్ళలో నీళ్ళు తిరిగే ఘాటు. అర నిమిషంలో ఆల్కహాల్ ఎగిరిపోయింది, వెనక నుంచి వెనిల్లా వచ్చింది. దాని వెంట సన్నగా లవంగం. ఇంకాసేపటికి ఎండిన చెయ్యి మీద అవన్నీ తగ్గి, అడుగున ఒకే ఒక్క వాసన మిగిలింది. నేను నోరు తెరిచేలోపు ఆయనే తన చెయ్యి వాసన చూసుకుని, "ఇది సామిల్లు వాసనండీ" అన్నారు. జవాబు అదే. ఆయనే చెప్పేశారు. నేను చేయాల్సింది వివరించడం మాత్రమే.

ఈమధ్య విదేశీ విస్కీ గురించి పత్రికల్లో రోజూ ఏదో ఒక వార్త వస్తోంది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం బోర్బన్ మీద దిగుమతి సుంకాన్ని 150 శాతం నుంచి 100 శాతానికి తగ్గించింది. అదే ఏడాది జూలైలో బ్రిటన్‌తో సంతకాలైన వాణిజ్య ఒప్పందం ప్రకారం స్కాచ్ మీద సుంకం ముందు 75 శాతానికి, పదేళ్ళలో 40 శాతానికి దిగుతుంది. మన రాష్ట్రంలో 2024 అక్టోబరు 16 నుంచి ప్రైవేటు మద్యం షాపులు తిరిగి వచ్చాయి. 99 రూపాయల క్వార్టర్ గురించి మాట్లాడనివాళ్ళు లేరు. ఎక్కడ విన్నా ధర గురించే మాట. ఆ వాసన ఎక్కడ పుట్టిందని అడిగిన మనిషి నాకు ఈ రైతు ఒక్కరే కనిపించారు.

ప్రాథమిక విషయాలు గబగబా చెప్పేస్తాను. ధాన్యం ఉడికించి, అందులోని పిండిని చక్కెరగా మార్చి, ఈస్టుతో పులియబెట్టి, బట్టీ పెట్టి ఆవిరిని చల్లారిస్తే వచ్చేది స్పిరిట్. నీళ్ళలా తెల్లగా ఉంటుంది. బోర్బన్‌కి అమెరికా చట్టం పెట్టిన షరతులు ఇవి: ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. బట్టీలోంచి 80 శాతం ఆల్కహాల్‌కి మించి రాకూడదు. పీపాలోకి 62.5 శాతానికి మించి పోయకూడదు. ఆ పీపా లోపల కాల్చిన కొత్త ఓక్ చెక్కది కావాలి. నీళ్ళు తప్ప రంగూ రుచీ ఏవీ కలపకూడదు. కాబట్టి గుడివాడ అబ్బాయి చెప్పింది నిజం. బట్టీలోంచి తెల్లగా వచ్చింది, సీసాలోకి తేనె రంగులో చేరింది. మధ్యలో జరిగిందంతా పీపాలోనే.

పీపా అనే మాటే మనకి సముద్రం మీద వచ్చింది. పోర్చుగీసు నావికులు తమ సారాయి మోసే పెద్ద చెక్క పాత్రని 'పీప' అనేవారు. మన రేవుల్లో అది పీపా అయి స్థిరపడింది. ఇప్పుడు రేకు డ్రమ్మునీ ప్లాస్టిక్ డ్రమ్మునీ కూడా అలాగే పిలుస్తున్నాం కానీ అసలు పీపా చెక్కదే. ఏ చెక్కతో పడితే ఆ చెక్కతో అది తయారు కాదు. కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి సంగతి చూడండి. దూదిలా తేలిక, ఉలి పెడితే వెన్నలా తెగుతుంది. తడి పీల్చే గుణం ఉంది కాబట్టే బొమ్మల పనివాళ్ళు ముందు దాన్ని సన్నని సెగ మీద ఆరబెడతారు. అలాంటి చెక్కతో పీపా చేస్తే తెల్లారేసరికి నేలంతా తడి.

అమెరికా తెల్ల ఓక్ దగ్గర ఒక అద్భుతం ఉంది. చెట్టు కాండంలో నీళ్ళు పైకి పోయే సన్నని గొట్టాలుంటాయి. చెట్టు ముదిరి ఆ గొట్టాల పని అయిపోయాక, పక్క కణాలు వాటిలోకి బుడగల్లా పొడుచుకొచ్చి దారి మూసేస్తాయి. వీటిని టైలోసిస్ అంటారు. తెల్ల ఓక్‌కి దగ్గరి చుట్టమే ఎర్ర ఓక్. అందులో ఈ బిరడాలు సరిగా ఏర్పడవు. ఎర్ర ఓక్ ముక్క ఒక కొస నీళ్ళలో పెట్టి రెండో కొస నుంచి ఊదితే బుడగలొస్తాయి. తెల్ల ఓక్‌లోంచి ఊపిరి బయటికి రాదు. చెట్టు తన కోసం పెట్టుకున్న ఈ మూతల వల్లే ద్రవం కారకుండా నిలుస్తుంది, ఆవిరి మాత్రం పోగలుగుతుంది.

ఇక నిప్పు. పలకలు వంగాలంటే వేడి చేయాలి. బోర్బన్ పీపాని అంతటితో వదలరు, లోపల మంట పెడతారు. బాగా కాల్చేది కూడా ఒక్క నిమిషం లోపే. లోపలి గోడ నల్లగా పగిలి మొసలి వీపులా తయారవుతుంది. ఆ బొగ్గు మంచినీళ్ళ ఫిల్టర్‌లోని బొగ్గు చేసే పనే చేస్తుంది. కొత్త స్పిరిట్‌లో ఉడికిన క్యాబేజీ వాసన వేసే గంధక పదార్థాలను పట్టేసుకుంటుంది. అసలు ఖజానా బొగ్గు వెనక ఉంది. అక్కడ చెక్క కాలలేదు, బాగా వేగింది. చెక్కలోని హెమిసెల్యులోజ్ విరిగి చక్కెరలుగా మారుతుంది, ఆ చక్కెరలు ముదురుతాయి. చెరకు గానుగ దగ్గర పెనంలో రసం పాకానికొచ్చి, అంచున కాస్త మాడినప్పుడు వచ్చే కమ్మని వాసన గుర్తుందా? అదే పాకం ఇక్కడ చెక్క లోపల తయారవుతుంది. విస్కీ రంగులో ఎక్కువ పాలు ఈ వేగిన పొర నుంచే వస్తుంది.

లిగ్నిన్ దగ్గర మాత్రం నన్ను కాసేపు ఆగనివ్వండి. చెట్టుని నిటారుగా నిలబెట్టే సిమెంటు లిగ్నిన్. వేడికి అది విరిగితే ముక్కల్లో ఒకటి వెనిలిన్, సాక్షాత్తూ వెనిల్లా వాసన ఇచ్చే అణువు. 1858లో గోబ్లే అనే ఫ్రెంచి రసాయనవేత్త వెనిల్లా కాయ నుంచి దీన్ని శుద్ధంగా వేరు చేశాడు. 1874లో జర్మనీలో టీమన్, హార్మన్ ఇద్దరూ పైన్ చెట్టు రసంలోని పదార్థం నుంచి అదే అణువుని తయారుచేశారు. తర్వాత కాగితం మిల్లుల వ్యర్థ ద్రవంలోని లిగ్నిన్ నుంచి టన్నులకొద్దీ తీశారు. అంటే ఒకప్పుడు లోకం తిన్న చౌక ఐస్‌క్రీంలో వెనిల్లా కూడా చాలావరకు చెట్టు నుంచి వచ్చిందే. విజయవాడ వాళ్ళకి దీని రుజువు చేతికందే దూరంలో ఉంది. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్టు ముందు నిలబడి, పసుపుపచ్చగా మారిన పాత నవల తెరిచి వాసన చూడండి. ఆ తియ్యటి వాసనలో వెనిలిన్ ఉంది. చౌక కాగితంలో మిగిలిపోయిన లిగ్నిన్ దశాబ్దాల తరబడి నెమ్మదిగా విరుగుతూ దాన్ని వదులుతోంది. పీపాలో నిమిషం మంట మొదలుపెట్టిన పనిని పుస్తకంలో యాభై ఏళ్ళ గాలీ వెలుగూ చేశాయి. ఏలూరు రోడ్డు మీద పెరిగిన నాకు ఈ సంగతి తెలిసిన రోజు నిద్ర పట్టలేదు.

కొబ్బరి వాసన ఓక్ లాక్టోన్ అనే పదార్థానిది. కొబ్బరిలో వాసన ఇచ్చే లాక్టోన్లకి ఇది దాయాది. అమెరికా ఓక్‌లో ఐరోపా ఓక్‌లో కంటే ఎక్కువ ఉంటుంది. లవంగం వాసన యూజినాల్‌ది. ఇక్కడ పోలిక కూడా అక్కర్లేదు, లవంగ నూనెలో ఉన్నదీ ఓక్ చెక్కలో ఉన్నదీ ఒకే అణువు. పొగ వాసన గ్వాయకాల్‌ది, అదీ లిగ్నిన్ ముక్కే. చివర్లో నాలుక పట్టేసే వగరు చెక్కలోని టానిన్లది. వక్క నమిలినవాళ్ళకి, పిందె జామకాయ కొరికినవాళ్ళకి ఆ వగరు గురించి పాఠం చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. ఇవన్నీ చెక్కలో ఉన్నాయి సరే, ద్రవంలోకి ఎలా వస్తాయి? పీపా ఊపిరి పీలుస్తుంది కాబట్టి. పగలు వేడెక్కితే లోపలి స్పిరిట్ వ్యాకోచిస్తుంది, ఒత్తిడి పెరుగుతుంది, ద్రవం చెక్క రంధ్రాల్లోకి దూరుతుంది. చల్లబడితే సంకోచించి, చెక్కలో కరిగినవాటిని వెంటేసుకుని వెనక్కి వస్తుంది. వాడిన పీపా పలకని అడ్డంగా కోస్తే స్పిరిట్ ఎంతదాకా వెళ్ళిందో ముదురు రంగు గీత పడి కనిపిస్తుంది. పోయిన ఆవిరి స్థానంలో బయటి గాలి లోపలికి చేరుతుంది. అందులోని ఆక్సిజన్ ఆల్కహాల్‌లో కొంతని ఆమ్లంగా మారుస్తుంది, ఆ ఆమ్లం మళ్ళీ ఆల్కహాల్‌తో కలిసి పండు వాసన వేసే ఎస్టర్లవుతుంది.

ఈ ఊపిరికి గడియారం ఎండ. పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్య వేగం సుమారు రెట్టింపవుతుందని మా తరం కాలేజీలో నేర్చుకున్న లెక్క. స్థూలమైన లెక్కే అయినా దారి చూపిస్తుంది. స్కాట్లండ్ గోదాములో 12 ఏళ్ళు గడిపిన పీపా, మన దేశంలో 4 ఏళ్ళు గడిపిన పీపా దాదాపు ఒకే రంగు పట్టొచ్చు. అయితే ఎండ ఊరికే ఇవ్వదు. స్కాట్లండ్‌లో ఏడాదికి సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. దీన్ని వాళ్ళు దేవదూతల వాటా అంటారు. బెంగళూరు, గోవాల్లో ఆ వాటా 10 శాతం దాకా, ఒక్కోసారి అంతకు మించి ఉంటుంది. 200 లీటర్ల పీపాతో లెక్క వేయండి. ఏడాదికి 2 శాతం చొప్పున పోతే 12 ఏళ్ళకి 157 లీటర్లు మిగులుతాయి. 10 శాతం చొప్పున పోతే 56 లీటర్లే మిగులుతాయి. బెంగళూరు అమృత్ డిస్టిలరీ తన 8 ఏళ్ళ విస్కీకి 'గ్రీడీ ఏంజెల్స్', అంటే ఆశపోతు దేవదూతలు అని పేరు పెట్టడానికి కారణం ఈ లెక్కే.

పోయేది ఆల్కహాలా, నీళ్ళా? ఈ ప్రశ్నకి పాత కృష్ణా జిల్లాని మించిన ప్రయోగశాల లేదు. ఒక పీపా బందరులో, ఒకటి నందిగామలో పెట్టామని ఊహించండి. బందరులో ముసురు రోజుల్లో తడి బట్టలు తీగ మీద రెండు రోజులైనా ఆరవు. గాలిలో అప్పటికే నీటి ఆవిరి నిండి ఉంది, ఇంకా పట్టదు. రోళ్ళు పగిలే రోహిణీ కార్తెలో నందిగామలో అరగంటకే ఆరిపోతాయి. చెక్కలోంచి బయటపడే నీళ్ళదీ ఇదే పరిస్థితి. గాలిలో ఆల్కహాల్ ఆవిరి మాత్రం ఎక్కడా ఉండదు కాబట్టి దాని దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. అందుకని బందరు పీపాలో నీళ్ళు నిలిచి ఆల్కహాల్ పోతుంది, ఏటికేడాది ఘాటు తగ్గుతుంది. నందిగామ పీపాలో వడగాలికి నీళ్ళు కూడా జోరుగా పోతాయి, ఘాటు పెరగొచ్చు. ప్రపంచంలో ఈ రెండూ జరుగుతున్నాయి. తేమ గాలి స్కాట్లండ్‌లో ఏళ్ళు గడిచేకొద్దీ శాతం పడిపోతుంది. 40 కంటే కిందికి దిగజారితే దాన్ని విస్కీ అని అమ్మడానికే వీల్లేదు. కెంటకీలో అంతస్తుల గోదాముల పైభాగాన, వేడీ పొడీ ఎక్కువైన చోట శాతం పెరుగుతుంది. ఒకే బట్టీ, ఒకే రోజు నింపిన పీపాలు, పై అంతస్తులో ఒక రుచి, కింద ఇంకో రుచి.

పీపా సంగతిని తప్పుగా అర్థం చేసుకున్నవాళ్ళ జాబితా పెద్దదే. లోపల కాల్చిన పీపాలో బోర్బన్‌ని మొదట పోసింది 18వ శతాబ్దపు బాప్టిస్టు బోధకుడు ఎలైజా క్రెయిగ్ అని అమెరికాలో తరాలుగా చెప్పుకుంటున్నారు. దానికి గట్టి ఆధారం లేదు. గోదాముల గోడలకీ చుట్టుపక్కల చెట్లకీ పట్టే నల్లటి మసిది ఇంకా మంచి కథ. ఫ్రాన్స్‌లోని కోన్యాక్ ఊళ్ళో ఆ మసిని 1872లో బోడ్వాన్ అనే మందుల తయారీదారు గమనించి, ఆవిరయ్యే ఆల్కహాల్ మీద బతికే జీవి అని చెప్పాడు. అంతవరకు సరైన మాటే. ఆ తర్వాత శాస్త్రవేత్తలు దాన్ని టోరులా అనే వేరే ప్రజాతిలో పడేశారు. నూరేళ్ళకు పైగా అది ఆ తప్పు పేరుతోనే బతికింది. 2007లో కెనడా శాస్త్రవేత్త జేమ్స్ స్కాట్ బృందం దాన్ని పరీక్షించి, ఇది కొత్త ప్రజాతి అని తేల్చి, బోడ్వాన్ పేరు మీదే బోడోనియా అని నామకరణం చేసింది. దేవదూతల వాటా తాగుతున్నది ఈ బూజే.

తొందర పడినవాళ్ళు ఇంకొందరు. పీపా ఎందుకు, చెక్క ముక్కలు వేసి వేడి చేస్తే, శబ్ద తరంగాలతో కుదిపితే ఏళ్ళ పని రోజుల్లో అవుతుందని కంపెనీలు పెట్టారు. రంగు వస్తుంది, వగరు వస్తుంది, వెనిల్లా కూడా వస్తుంది. కలపవలసినవన్నీ కలిపిన కొత్తావకాయని పొయ్యి మీద పెట్టి వేడి చేస్తే మూడోనాడు తిరగకలిపినప్పటి రుచి వస్తుందా? ఊరడం వేరు, ఉడకడం వేరు. ఆక్సిజన్ నెమ్మదిగా చేరాలి, ఎస్టర్లు నెమ్మదిగా కట్టాలి. ఇవన్నీ ఒకే వేగంతో నడిచేవి కావు. ఒకదాన్ని తరిమితే మిగతావి వెనకబడతాయి.

అలాగని వయసే గొప్ప అనుకోవడమూ తప్పే. ఏళ్ళ అంకె చూసి సీసాని అంచనా వేసే అలవాటుకి గట్టి దెబ్బ బెంగళూరు నుంచే తగిలింది. అమృత్ సింగిల్ మాల్ట్ (ఒకే డిస్టిలరీలో మొలకెత్తించిన బార్లీతో చేసిన విస్కీ) 2004లో స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరంలోనే మొదట విడుదలైంది. స్కాచ్ పుట్టిన గడ్డ మీద భారతీయ విస్కీ ఏమిటని నొసలు ముడిచినవాళ్ళు ఉన్నారు. వయసు అంకె లేని అమృత్ ఫ్యూజన్‌ని విస్కీ విమర్శకుడు జిమ్ ముర్రే తన 'విస్కీ బైబిల్' పుస్తకం 2010 సంచికలో ప్రపంచంలో మూడో స్థానానికి ఎంచాడు. ఆ విజయం వెనకా మన కెంటకీ పీపాయే ఉంది. బోర్బన్‌కి ఎప్పుడూ కొత్త పీపాయే కావాలి కాబట్టి ఒకసారి వాడినవి అమ్మేస్తారు. అవి స్కాట్లండ్‌కీ బెంగళూరుకీ గోవాకీ వెళతాయి. అమెరికా అడవిలో పెరిగిన ఓక్ చెట్టు, దక్కను ఎండలో తన రెండో జన్మ ఎత్తి మిగిలిన వెనిల్లాని వదులుతుంది.

మరి మన షాపుల్లో ఎక్కువగా అమ్ముడయ్యే విస్కీ? ఇక్కడ నాకు బాధ ఉంది. మన దేశంలో చాలా చౌక విస్కీకి మూలం ధాన్యం కూడా కాదు, చెరకు మడ్డి. చక్కెర ఫ్యాక్టరీలో మిగిలిన మొలాసిస్‌ని పులియబెట్టి, వాసనంటూ ఏదీ మిగలకుండా 96 శాతం దాకా శుద్ధి చేస్తారు. దానికి కొంత మాల్ట్ స్పిరిట్, మాడ్చిన చక్కెర రంగు, నీళ్ళు కలుపుతారు. పీపా మొహం చూసింది అందులో ఎంత శాతమో చాలా సీసాల మీద కనిపించదు. ఐరోపా చట్టంలో ధాన్యంతో చేసిందే విస్కీ, అందుకే దీన్ని అక్కడ ఆ పేరుతో అమ్మనివ్వరు. మన లేబుల్ మీద 42.8 శాతం అనీ, పక్కనే 25 యు.పి. (అండర్ ప్రూఫ్) అనీ మాత్రం తప్పకుండా ఉంటుంది. బ్రిటిష్‌వాళ్ళు ఒకప్పుడు తుపాకీ మందుని స్పిరిట్‌తో తడిపి నిప్పు పెట్టేవారు. అంటుకుంటే ప్రూఫ్. అది నమ్మదగిన పరీక్ష కాదని తేలి, 1816లో సైక్స్ హైడ్రోమీటర్‌ని చట్టంలో పెట్టారు. వాళ్ళ ప్రూఫ్ 57 శాతం పైచిలుకు, దానికి పాతిక పాళ్ళు తక్కువైతే మన 42.8. తుపాకీ మందు పోయింది, ఆ లెక్క మన లేబుల్ మీద బతికే ఉంది. ఇంత పాత అంకెకి చోటు దొరికిన లేబుల్ మీద పీపాలో గడిపిన కాలానికి, కలిపిన మాల్ట్ శాతానికి చోటు దొరకాలి. కొనేవాడికి అది తెలుసుకునే హక్కు ఉంది.

గ్లాసులో నీళ్ళు కలపడం గురించి కూడా అడుగుతారు. 2017లో స్వీడన్‌లోని లినయస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కార్ల్‌సన్, ఫ్రీడ్‌మన్ దీన్ని కంప్యూటర్ మీద అణువుల స్థాయిలో లెక్కకట్టారు. ఆల్కహాల్ 45 శాతం లోపు ఉంటే పొగ వాసన ఇచ్చే గ్వాయకాల్ అణువులు ద్రవం పైభాగానికి చేరతాయి. 59 శాతం దాటితే ఆల్కహాల్ అణువులు చుట్టుముట్టి వాటిని లోపలే ఉంచేస్తాయి. పీపా నుంచి నేరుగా సీసాలో నింపిన ఘాటు విస్కీకి నీళ్ళు వాసన తెస్తాయన్నమాట. మన 42.8కి ఆ పని ముందే అయిపోయింది.

నన్ను ఇంత పరవశింపజేసిన ఈ అణువులేవీ ఒళ్ళు పాడుచేసే మోతాదులో ఉండవు. పాడుచేసేది ఆల్కహాలే. సుంకం తగ్గినా, అవార్డులొచ్చినా, పీపాలో పద్దెనిమిదేళ్ళు ఊరినా అది క్యాన్సర్ కారకమే. ఎంత తక్కువ తాగినా పూర్తిగా సురక్షితం అనలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. ఈ పనికి ముక్కు చాలని నేను మొదట్లో చెప్పింది ఊరికే కాదు.

ఇక గుడివాడ రైతుగారి రెండో ప్రశ్న మిగిలింది. అయ్యా, మీ సీసా వయసు పీపా వదిలిన రోజునే ఆగిపోయింది. గాజు ఏమీ ఇవ్వదు, ఏమీ తీసుకోదు. నాలుగేళ్ళ బోర్బన్‌ని మీ బీరువాలో ఇరవై ఏళ్ళు దాచినా అది నాలుగేళ్ళదే. పైగా మూత తీశారు కాబట్టి గాలి తగులుతోంది. సీసా సగం ఖాళీ అయితే ఆ వెనిల్లా, ఆ లవంగం కొన్నేళ్ళలో మందగిస్తాయి. ఎండ తగలకుండా, కార్కు తడవకుండా నిలబెట్టి ఉంచండి. మనవడి పెళ్ళికి మాత్రం ఆశపెట్టుకోకండి.